సోమపురంలో గవ్వలపేట సముద్రం

చంద్రుడి మీద కుక్కని పెంచడం ఎలా ఉంటుందో భూమ్మీద ఉన్నవాళ్లకి చెబితే ఓ పట్టాన నమ్మరు. అక్కడ కుక్క తోక ఊపితే ఆ ఊపుకి వెనకకాళ్లు పక్కకి జరిగిపోతాయి. ఇంటాయన ఆఫీసు నుంచి రాగానే సంతోషం పట్టలేక ఒక్క గెంతు గెంతిందంటే కప్పుకి తల కొట్టుకుంటుంది. అందుకే సోమపురంలో కుక్కలున్న ప్రతి ఇంట్లోనూ కప్పుకి మెత్తటి పరుపు కుట్టించుకుంటారు. గోడకి గడియారం ఎంత మామూలో, అక్కడ కప్పుకి పరుపు అంత మామూలు.

2131 నాటికి సోమపురంలో ఇరవై వేలమంది ఉన్నారు. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట లావా ప్రవహించి వదిలిపెట్టిన పెద్ద సొరంగంలో కట్టిన ఊరది. ధ్రువం దగ్గర తవ్వి తెచ్చిన మంచుతో నీళ్లు, ఆ నీళ్ల నుంచే గాలి. ఆ గాలిని వడకట్టి, మళ్లీ వడకట్టి ఊరంతా తిప్పుతారు. కూరల వాసన పక్కింటికి పోదు. వాన వాసన లేదు, మట్టి వాసన లేదు. కొన్నేళ్లు గడిచాక జనానికి ఒకరకమైన దిగులు పట్టుకునేది. తెల్లగోడ దిగులు అని దానికి పేరు పెట్టారు డాక్టర్లు. ఏ జబ్బూ ఉండదు, ఏ పనీ చేయాలనిపించదు. మందులు పనిచేయక చివరికి కుక్కల్ని తెప్పించారు. మనుషులు కాస్త తేరుకున్నారు. కానీ ఆ దిగులు కుక్కలకి అంటుకుంది. ముక్కుతో లోకాన్ని చూసే జీవికి వాసన లేని ఊరంటే ఏమీ రాయని తెల్లగోడే కదా. అవి తిండి మానేసి, తలుపుల దగ్గర గడ్డం నేలకి ఆనించి పడుకునేవి.

డాక్టర్ బెవర హైమావతి కుక్క కూడా అలాగే పడుకునేది. దాని పేరు బెల్లం, రంగూ అదే. శ్రీకాకుళం తీరంలో గవ్వలపేట అనే పల్లె ఉంది. అక్కడి ఇసుకలో, తిరగేసిన పడవ కింద పుట్టిన ఊరకుక్క అది. గవ్వలపేట బీచికి ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. కుక్కల్ని వద్దనే బోర్డు లేని బీచి అదొక్కటే. ఆదివారం వచ్చిందంటే విశాఖపట్నం నుంచి కార్లలో దిగే బొచ్చుకుక్కలూ, జాలర్ల కుక్కలూ, ఎవరివీ కాని కుక్కలూ ఒకే కెరటం వెంట పరిగెత్తేవి. హైమ చిన్నప్పటి నుంచీ ఆ గుంపులోనే పెరిగింది. చంద్రుడి మీద ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె సామానుకి ఇచ్చిన బరువులో సగం బెల్లానికే సరిపోయింది.

ఆమె వాసనల రసాయనశాస్త్రవేత్త. ఆమె కనిపెట్టిన యంత్రంలో రెండు భాగాలున్నాయి. మొదటిది గంధలేఖిని. దాన్ని ఒకచోట పెడితే అక్కడి గాలిని పీల్చి, అందులో ఏ అణువులు ఎంతెంత పాళ్లలో ఉన్నాయో, గాలి వీచినకొద్దీ అవి ఎలా మారుతున్నాయో రాసుకుంటుంది. రెండోది గంధవాహిని. ఆ లెక్కలు అందుకుని అవే అణువుల్ని తయారుచేసి అదే వరసలో గాలిలోకి వదులుతుంది. పాట రికార్డు చేసి మరోచోట వినిపించినట్టే ఇదీను. తేడా అల్లా, ఇక్కడ వినేది ముక్కు. గంధలేఖిని గవ్వలపేటలో ఉంది, గంధవాహిని సోమపురంలో ఉంది. మధ్యలో దాదాపు నాలుగు లక్షల కిలోమీటర్లు.

సొరంగం చివర ఖాళీగా పడున్న పెద్ద హాలు ఒకటి పాలకమండలి ఆమెకిచ్చింది. గాజుపెంకుల్లా పదునుగా ఉండే చంద్రధూళిని మిల్లులో ఆడించి, నునుపు చేసి ఇసుకగా పోశారు. నీళ్లు నింపారు. కెరటాల పని ఖాదర్ వలీది. నెల్లూరు నుంచి వచ్చిన నీటి ఇంజనీరు, మాట మెత్తన, పంతం గట్టి. చంద్రుడి మీద బరువు ఆరోవంతే కాబట్టి కెరటం అక్కడ నిదానంగా లేస్తుంది. ఇద్దరు మనుషుల ఎత్తు లేచి, కాసేపు అలాగే నిలబడి, తీరిగ్గా విరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్లు ఊపిరి బిగబట్టారు. జనానికి వలీ కెరటాలు నచ్చాయి.

బెల్లానికి నచ్చలేదు. తలుపు తీయగానే ఒకసారి మూతి ఎత్తి చూసింది, గుమ్మంలోనే పడుకుంది. అలా మూడు ప్రయత్నాలు అయ్యాయి. పాళ్లు మార్చినా, గాలి వేగం పెంచినా అది నీళ్లవైపు ఒక్క అడుగు వేయలేదు. కుక్క పడుకుంటే ఏమైంది, మనుషులకి బాగానే ఉంది కదా అని మండలిలో కొందరన్నారు. హైమ ఒప్పుకోలేదు. మనుషులు మొదటిరోజు ఆహా అంటారు, నాలుగోరోజుకి రావడం మానేస్తారు, ఎందుకు మానేశారో వాళ్లకే తెలియదు, కుక్కయితే ఆ తీర్పు మొదటిరోజే చెప్పేస్తుంది అని వాదించింది. మండలి అధ్యక్షురాలు వకుళ శాంతంగా విని, ఇంకొక్క అవకాశం ఇస్తామనీ, అదీ కుదరకపోతే ఆ హాలులో కూరగాయల తొట్లు పెట్టుకుంటామనీ చెప్పింది.

ఆ సాయంత్రం హైమ గవ్వలపేటకి ఫోన్ చేసింది. అక్కడ గంధలేఖిని చూసుకునేది ఆమె అన్నయ్య జగ్గారావు. తహసీల్దారుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇక్కడ అన్న మాట అక్కడికి చేరి, అక్కడి జవాబు ఇక్కడికి రావడానికి మూడు సెకన్లు పడుతుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ విరామానికి అలవాటుపడిపోయారు.

కుక్క మళ్లీ పడుకుందని వినగానే జగ్గారావు నొచ్చుకున్నాడు.

"ఏటి హైమా అలగంటావు? ఇక్కడ నేనెంత సుబ్బరంగా సేయించి రికార్డు పెట్టానో నీకేటి తెల్సు?"

హైమ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "శుభ్రంగానా? ఏం చేయించావన్నయ్యా?"

మూడు సెకన్ల తర్వాత జగ్గారావు గర్వంగా చెప్పుకుపోయాడు. చంద్రమండలం వాళ్లు మన ఊరి సముద్రాన్ని చూడబోతున్నారంటే మాటలా. ప్రతిసారీ రికార్డుకి రెండురోజుల ముందే మనుషుల్ని పెట్టి ఒడ్డంతా ఊడిపించాడు. నాచు ఏరించాడు. ఎండుచేపలు ఆరబెట్టే ఆడవాళ్లని బతిమాలి అవతలికి పంపించాడు. కుక్కలు రాకుండా తాళ్లు కట్టించి, ఇద్దర్ని కాపలా పెట్టాడు. కలెక్టరు వస్తున్నాడంటే ఉద్యోగంలో ఉండగా ఏమేం చేసేవాడో అవన్నీ చేశాడు.

"ఆఖర్న బ్లీచింగ్ పౌడర్ కూడా సల్లించాను," అన్నాడు.

హైమ నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేకపోయింది. నెలల తరబడి గ్రాఫులో ఒక క్లోరిన్ గీత కనబడుతుంటే, అది ఉప్పునీటి వల్ల అనుకుంటూ వచ్చింది. తను నాలుగు లక్షల కిలోమీటర్ల దూరం నుంచి అతి జాగ్రత్తగా దింపుకున్నది అధికారుల తనిఖీ రోజు వాసనన్నమాట. బెల్లం గుమ్మంలో పడుకుందంటే పడుకోదూ.

"అన్నయ్యా, ఈసారి ఏమీ కదపకు. ఆదివారం సాయంత్రం, కుక్కలన్నీ ఉండగా, ఎండుచేపలు ఆరుతుండగా రికార్డు పెట్టు."

మూడు సెకన్లు దాటాకే జగ్గారావు గొంతు వినిపించింది. "మన ఊరి కంపంతా పైకి పంపమంటావా? పరువు పోదా?"

"కంపే కావాలి," అంది హైమ. "అదే మన ఊరు."

ఆ ఆదివారం రికార్డు సోమపురానికి చేరాక హైమ, వలీ ఇద్దరూ గ్రాఫు ముందు కూర్చుని నోళ్లు తెరిచారు. ఇదివరకు పదీ పదిహేను గీతలున్నచోట ఇప్పుడు అడవి మొలిచింది. సముద్రపు వాసన అని మనమనుకునేదానిలో ముఖ్యమైన డైమిథైల్ సల్ఫైడ్ ఒక గీత మాత్రమే. దాని చుట్టూ కుళ్లిన నాచు, చేప పొలుసులు, పీతల గుల్లలు, తడి తాళ్లు, పడవలకి పూసిన తారు, ఎవరో తాగి పారేసిన కొబ్బరిబోండాం. వీటన్నిటి మీదా కుక్కలు. ప్రతి రాయి మీదా, ప్రతి గుంజ మీదా ఫలానా కుక్క ఫలానా వేళకి వచ్చి వెళ్లిందని రాసి పెట్టిన గుర్తులు. ఇవన్నీ గాలిలోకి వదిలితే చాలదని హైమకి తట్టింది. ఇసుకలోకే ఎక్కించాలి. కూరగాయల తొట్లలోంచి సూక్ష్మజీవుల్ని తెచ్చి ఇసుకలో పెంచారు. గంధవాహిని గొట్టాల్ని ఇసుక అడుగున పరిచారు. వలీ ముక్కుకి గుడ్డ కట్టుకుని పనిచేశాడు గానీ ఒక్కసారీ విసుక్కోలేదు.

నాలుగో ప్రయత్నానికి మండలి సభ్యులంతా వచ్చారు. తలుపు తెరుచుకోగానే ముందువరసలో వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. గాలి వడపోత విభాగం అధిపతి కూర్మనాథం జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

బెల్లం ఎప్పటిలా గుమ్మందాకా వచ్చి కాళ్లు ముడవబోయింది. సగం ముడిచి ఆగిపోయింది. ముక్కు కదిలింది. చెవులు లేచాయి. మెడ చాపి ఇసుకని ఒక్కసారి పీల్చి, తల తిప్పి హైమ ముఖంలోకి చూసింది. మరుక్షణం కుక్క అక్కడ లేదు. ఇసుక మీద ఒక చార మాత్రం ఉంది. ఒక రాయి వాసన చూసి, రెండో రాయి దగ్గరికి గెంతి, ఆ గెంతు ఆపుకోలేక మూడో రాయి మీదుగా ఎగిరి, గాలిలో కాళ్లాడిస్తూ తేలుతూ వెళ్లి నిలబడ్డ కెరటం మధ్యలో దూరింది. అవతలివైపు నుంచి బయటికొచ్చింది. అరిచింది. సోమపురానికి వచ్చిన ఐదేళ్లలో అది అరవడం ఎవరూ వినలేదు.

వలీ చెప్పులు విడిచేసి పరిగెత్తాడు. హైమ అంతకన్నా ముందే పరిగెత్తింది. యాభై రెండేళ్ల మనిషి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఒక్కో అంగలో నాలుగు గజాలు దాటుతూ, కుక్క వెంట పడి, కెరటం కింద నిలబడి, అది నిదానంగా విరిగి నెత్తిన పడుతుంటే చేతులు చాపి నవ్వుతూ ఏడ్చింది. వెనక వకుళ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

తర్వాతి నెలల్లో ఆ ఊరి ముఖమే మారిపోయింది. ఊళ్లో ఉన్న కుక్కలన్నీ అక్కడికొచ్చాయి. తిండి మానేసినవి గిన్నెలు నాకడం మొదలెట్టాయి. వాసనకి మొదట ముఖం చిట్లించినవాళ్లు వారం తిరక్కుండా అదే వాసన కోసం తొందర తొందరగా పని ముగించుకుని వచ్చేవాళ్లు. చంద్రుడి మీదే పుట్టి పెరిగినవాళ్లు తడి ఇసుకలో చేతులు పెట్టి కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు. తెల్లగోడ దిగులుతో వచ్చేవాళ్లు బాగా తగ్గారని డాక్టర్లు చెప్పారు. గంధవాహినిని రానురాను తగ్గించినా ఏమీ కాలేదు. కుక్కలే ఆ పని చేస్తున్నాయని హైమ గమనించింది. ఒకటి గుర్తు పెడుతుంది, మరొకటి దాన్ని తవ్వుతుంది, ఇంకొకటి నీళ్లు మోసుకొచ్చి దులుపుతుంది. ఇసుక ప్రతిరోజూ కొత్తగా ఉండేది.

అలాంటి చోటు దొరికాక మనుషులు ఊరుకుంటారా. ఇంకా బాగుండాలి అనుకున్నారు. మొదటి ఫిర్యాదు కూర్మనాథం నుంచే వచ్చింది. గాలి వడపోత జల్లెడల్లో కుక్కవెంట్రుకలు చుట్టుకుంటున్నాయి. ఆయన చెప్పింది అబద్ధం కాదు, వాటిని తీయించేది ఆయన విభాగమే. తర్వాత ఎవరిదో దుప్పటి తడిసింది. ఒకాయన చేతిలోని బజ్జీని ఓ కుక్క ఎగిరి గాలిలోనే అందుకుంది. చూసినవాళ్లు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. ఊళ్లో ఉన్నది ఒక్కటే సముద్రం, అందరూ సుఖంగా కూర్చోవద్దా అన్న మాట పైకి లేచింది. మండలిలో చర్చ జరిగిన రోజు హైమ తన లెక్కలన్నీ చూపించి, కుక్కల వల్లే ఇసుక బతుకుతోందని చెప్పింది. వకుళ మర్యాదగా విన్నది. ఎక్కువమంది కోరినప్పుడు తను కాదనలేనని చెప్పింది. మర్నాడు గుమ్మం పక్కన బోర్డు వెలిసింది: కుక్కలకు ప్రవేశం లేదు.

బెల్లం ఆ గుమ్మం దాకా వెళ్లి, మూసిన తలుపు కింద సందులో ముక్కు పెట్టి పీల్చేది. హైమ దాన్ని ఎత్తుకుని ఇంటికి తెచ్చుకునేది.

బీచి మహా శుభ్రంగా తయారైంది. కొన్నాళ్లు జనం కిటకిటలాడారు. తర్వాత పలచబడ్డారు. ఆ తర్వాత వలీ కెరటాలు లేచి నిలబడి, ఎవరూ లేని ఒడ్డున విరిగేవి. ఎందుకు రావడం లేదని అడిగితే పని ఎక్కువైందని ఒకరన్నారు, కెరటాలు పాతబడ్డాయని ఇంకొకరన్నారు. డాక్టర్ల దగ్గర మళ్లీ వరసలు పెరిగాయి.

మండలి హైమని పిలిపించింది. ఏదో లోపించింది, అదేమిటో కనిపెట్టమంది. హైమకి కనిపెట్టాల్సిన పనే లేదు. లోపించింది కుక్కలని అక్కడే నిలబడి చెప్పేసింది. అప్పుడు కూర్మనాథం గొంతు సవరించుకున్నాడు.

"మీ పరిశోధన మీద మాకు ఎంతో గౌరవముందండీ. కుక్కల వల్ల వచ్చే ఆ ఫలితమంతా, కుక్కలు లేకుండా రాబట్టే యంత్రం ఏదైనా చేయగలరా?"

మిగిలినవాళ్లు ఆశగా తలలూపారు. హైమ వాళ్ల ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. ఆమెకి కోపం రావాలి, రాలేదు. నవ్వు పైకి లేచింది. దాన్ని గట్టిగా అదిమిపెట్టి, వారం గడువు ఇస్తే చేయగలనంది.

వారం తర్వాత ఆమె వలీని వెంటబెట్టుకుని మండలి ముందు నిలబడింది. కొత్త పరికరం పేరు సంచార గంధవాహిని అని చెప్పింది. ఒకచోట కూర్చోకుండా ఒడ్డంతా తనే తిరుగుతూ, ఎక్కడ వాసన పలచబడిందో తనే కనిపెట్టి సరిచేస్తుంది. కరెంటు అక్కర్లేదు, వంటింట్లో మిగిలినదానితో నడుస్తుంది. చిన్న చిన్న దెబ్బలు తగిలితే తనే నయం చేసుకుంటుంది. ఒక్కోటి ఇరవై కిలోల లోపు. వలీ తల వంచుకుని బల్ల కింద తన చెప్పుల్ని శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

శబ్దం చేస్తుందా అని ఎవరో అడిగారు. అప్పుడప్పుడు చేస్తుందని, కొత్తవాళ్లు కనబడితే కాస్త ఎక్కువని హైమ ఒప్పుకుంది. ఎంతకాలం పనిచేస్తుందని కూర్మనాథం అడిగాడు.

"పన్నెండేళ్లు. బాగా చూసుకుంటే పధ్నాలుగు," అంది హైమ. ఈ ప్రశ్నకి తన గొంతు అలా తగ్గిపోతుందని ఆమె అనుకోలేదు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత చాలా కష్టంగా ఉంటుందండీ. అయినా మళ్లీ ఇంకొకటి తెచ్చుకుంటాం."

వకుళ చేతిలోని కలం బల్ల మీద పెట్టి హైమని పరీక్షగా చూసింది. "ఇవి తయారుచేయడానికి సమయం పడుతుందా? లేక ఇప్పటికే ఊళ్లో ఉన్నాయా?"

"ఉన్నాయండీ. మా ఇంట్లో ఒకటుంది."

అధ్యక్షురాలి పెదవి చివర ఏదో కదిలి మాయమైంది. పరికరాన్ని ఆమోదిస్తున్నవాళ్లు చేతులెత్తమంది. అందరికన్నా ముందు తన చేయెత్తింది. అందరూ ఎత్తారు.

ఆదివారం గుమ్మం ముందు ఊరు ఊరంతా పోగైంది. కొత్త యంత్రం చూడాలని అందరికీ ఉబలాటం. పసుపురంగు చొక్కాలు తొడుక్కుని, వీపున 'మండలి పరికరం' అని రాసుకుని సంచార గంధవాహినులు వరసగా వచ్చాయి. వాటి నాలుకలు వేలాడుతున్నాయి. తోకలు ఊగుతున్నాయి. ముందు బెల్లం ఉంది. కాపలాదారు బోర్డు వైపు చూశాడు, చొక్కాల వైపు చూశాడు, కాసేపు ఆలోచించాడు. బోర్డు మీద ఉన్నది కుక్కల సంగతి, ఇవి పరికరాలు. తలుపు తీశాడు.

అవి ఇసుక మీద పడ్డ తీరు చెప్పడం కష్టం. గాలిలో ఒకదాన్నొకటి దాటుకుంటూ, కెరటాల్లోంచి దూసుకుపోతూ, ఒకేసారి మొరుగుతూ, నెలల బాకీ అంతా ఒక్క సాయంత్రంలో తీర్చుకున్నాయి. జనం నోరెళ్లబెట్టి నిలబడ్డారు. ఎవరైనా ముందు కోప్పడితే తక్కినవాళ్లూ కోప్పడేవాళ్లేమో. ఎవరూ కోప్పడలేదు. అందరూ చేతులెత్తి ఒప్పుకున్న యంత్రాన్ని తప్పుపట్టేదెవరు? మొదట ఒకామె చెప్పులు విడిచింది. తర్వాత ఎవరు ఎప్పుడు నీళ్లలోకి దిగారో తెలియలేదు. రాత్రి దీపాలు వెలిగేవేళకి పరికరాలు ఎంత చక్కగా పనిచేస్తున్నాయో అని జనం ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. అప్పట్లో కుక్కకి బజ్జీ పోగొట్టుకున్నాయన తనంతట తనే ఒక పరికరానికి బజ్జీ పెట్టి, ఇంధనం అన్నాడు.

కూర్మనాథం చాలాసేపు ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తర్వాత ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని వచ్చి హైమ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. భార్య పోయి రెండేళ్లయిందనీ, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందనీ, తను ఈ సంగతి ఎవరితోనూ అనలేదనీ అన్నాడు. కాసేపు కెరటాలకేసి చూశాడు.

"హైమ గారూ, ఈ యూనిట్లు ఇళ్లకి ఇవ్వడం ఏమైనా వీలవుతుందా? ఒకటి చాలు. చిన్నదైనా పర్వాలేదు."

హైమ జవాబు చెప్పేలోపే బెల్లం నీళ్లలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి సరిగ్గా వాళ్లిద్దరి మధ్యా ఆగి, ముక్కు నుంచి తోక దాకా ఒళ్లంతా దులిపింది. నీటిబొట్లు అన్నివైపులా లేచి, దీపాల వెలుగులో ఆలస్యంగా, తీరిగ్గా కిందికి దిగుతుంటే, గాలి వడపోత విభాగం అధిపతి ముఖం పైకెత్తి, జేబులోంచి రుమాలు తీయకుండా, అవన్నీ తన మీద పడేదాకా అలాగే కూర్చున్నాడు.